అమ్మమ్మ వంతు

పళ్ల సెట్టు పోగొట్టింది వదిన. అందులో రెండో మాట లేదు.

ఆస్పత్రిలో నర్సు దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది వదిన చేతికి. ఇంటికి తెచ్చింది వదిన. చెల్లెలికి చివరి స్నానం చేయించింది వదిన. స్నానమయ్యాక సెట్టు నోట్లో పెట్టాల్సిందీ వదినే. పెట్టలేదు. ఏదని అడిగితే, "ఎక్కడో పెట్టాను మరిదీ, కనపడటం లేదు" అంది. నేలకేసి చూస్తూ అంది. ఎక్కడో పెట్టి మరిచిపోవడానికి అదేమన్నా గుండుసూదా?

ముఖం మీద గుడ్డ తీసినప్పుడు అతను చూశాడు. ఎవరో ముసలమ్మ. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. గడ్డం ముక్కును తాకేట్టుంది. ముప్ఫయ్యారేళ్ల కాపురంలో తన భార్య నోరు ఇలా ఉంటుందని అతనికి తెలీదు. ఆమె తెలియనివ్వలేదు. నలభై దాటేసరికి ఆమెకు పళ్లన్నీ పోయాయి. సెట్టు కట్టించుకున్న రోజు నుంచీ స్నానాలగది గడియ వేసుకునే తీసేది, పెట్టుకున్నాకే గడియ తీసేది. ఒళ్లు కాలే జ్వరంలోనూ అంతే. పక్కింటికి అగ్గిపెట్టె అడగడానికి వెళ్లాలన్నా, "ఉండు, పళ్లు పెట్టుకోనీ. పళ్లు లేకుండా నేనెక్కడికీ కదలను" అనేది. అలాంటి మనిషిని వీధి వీధంతా చూస్తుండగా బోసినోటితో పంపేశారు.

అక్కడే, నలుగురిలో, అతను నోరు పారేసుకున్నాడు.

"చెల్లెలి నోట్లో పళ్లు కూడా దక్కనివ్వలేదు నువ్వు. ఇంక నా గుమ్మం తొక్కకు."

వదిన ఒక్క మాట అనలేదు. తడిచేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. తప్పు చెయ్యనివాళ్లు అలా ఊరుకుంటారా? ఊరుకోరు. ఏడు నెలలుగా అతని తీర్పు అదే. దాని మీద అప్పీలు లేదు.

కలప అడితిలో అతణ్ని ఆకురాయి అంటారు. రంపాలకు పదును పెట్టేది అతనే. పేరు పనినిబట్టి వచ్చిందో, నోటినిబట్టి వచ్చిందో అడితిలో ఎవరూ తేల్చలేదు. యంత్రానికి తొడిగే పట్టీ రంపం విప్పి తెస్తే, మొదటి పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెడతాడు. పన్నుకు మూడు రాపిళ్లు. గుర్తు మళ్లీ చేతికిందికి వచ్చేదాకా తలెత్తడు. మధ్యలో యజమాని వచ్చి పలకరించినా జవాబు గుర్తు దాటాకే. "ఒక్క పన్ను వదిలెయ్, రంపం సరిగ్గా అక్కడే పట్టేసుకుంటుంది" అని కొత్తగా చేరినవాళ్లకు చెబుతాడు. చెప్పేది ఒక్కసారే.

కూతురిది బట్టల మిల్లులో పని. తెల్లారకముందే బస్సు ఎక్కాలి, దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరదు. చేరి, ఇంత తిని, కూర్చున్నచోటే నిద్రపోతుంది. ఆమె కూతురికి ఆరో ఏడు నడుస్తోంది. ముందరి రెండు పళ్లతో పెన్సిలు దొరికితే పెన్సిలు, చెంచా దొరికితే చెంచా కొరుకుతుందని అమ్మమ్మ దాన్ని ఉడత అనేది. ఉడతను లేపడం, పళ్లు తోమడం, స్నానం, జడ, బడి అన్నీ అమ్మమ్మ చూసుకునేది. ఇప్పుడవి తాత నెత్తిన పడ్డాయి.

పళ్ల సంగతి అతను తేలిగ్గానే తేల్చేశాడు. ఉడత స్నానాలగదిలోంచి రాగానే గుమ్మం దగ్గర ఆపేవాడు.

"తోమావా?"

"ఆఁ."

నమ్మడానికి అతనేం అమాయకుడు కాదు. లోపలికి వెళ్లి బ్రష్షు కుచ్చుమీద బొటనవేలు పెట్టి చూసేవాడు. తడి. రోజూ తడే. పేస్టు ట్యూబు నెల తిరిగేసరికి ఖాళీ అయిపోయేది. కుచ్చులు అరిగి పక్కలకు వాలిపోయి, మూడు నెలలకే కొత్త బ్రష్షు తేవాల్సి వచ్చింది. రంపం అరిగిందంటే అది దేన్నో కోసినట్టే. అంతకంటే సాక్ష్యం అతనికి అక్కర్లేకపోయింది.

ఉడత స్నానాలగదికి వెళ్లేటప్పుడు రంగు పెన్సిళ్ల రేకు డబ్బా చంకలో పెట్టుకెళ్లేది.

"అక్కడ బొమ్మలెయ్యడమేంటే?"

"తడవదులే తాతా."

పిల్లలకు సవాలక్ష పిచ్చులుంటాయి. వదిలేశాడు.

అమ్మమ్మ పోయిన రోజు కూడా ఉడత ఏడవలేదు. కానీ సాయంత్రం అతను అడితినుంచి రాగానే అడిగేది, "అమ్మమ్మ ఇవాళ వస్తుందా?" అని. రాదని చెప్పడానికి అతనికి నోరొచ్చేది కాదు. అందరినీ కోసే నోరు అక్కడ మొద్దుబారిపోయేది. అందుకని జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి చేతిలో పెట్టేవాడు. పడుకునే ముందు మళ్లీ అడిగితే మరొకటి. అది బుగ్గన పెట్టుకుని నిద్రపోయేది. కొన్నాళ్లకు ఉడత అడగడం మానేసింది. బిళ్లలు మాత్రం ఆగలేదు.

ఒక పొద్దున పిల్ల గుటక వెయ్యలేకపోయింది. కింది దవడ నిమ్మకాయంత వాచింది. కూతురు అప్పటికే బస్సెక్కేసింది. అతను అడితికి కబురు పంపి, పిల్లను ఎత్తుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి నోరంతా చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మాటలు తగ్గిపోయాయి.

"పాపకి పళ్లు ఎవరు తోముతారండీ?"

"అదే తోముకుంటుంది."

"ఈ వయసులోనా?"

"అన్నీ వచ్చు దానికి. బొత్తాలు కూడా అదే పెట్టుకుంటుంది."

"బొత్తాలు ఎదురుగా కనపడతాయి తాతగారూ. వెనక పళ్లు కనపడవు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్ల చెయ్యి పడాల్సిందే. పొద్దునోసారి, పడుకునే ముందోసారి. రాత్రి తోమాక ఇంకేదీ నోట్లో పడకూడదు. మిఠాయిలు గట్రా పెడతారా?"

అతను జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. బిళ్లల పొట్లం వేళ్లకు తగిలింది. వేరేదానికి జవాబు చెప్పాడు.

"ఏడు నెలలనుంచి రోజూ చూస్తున్నాను. బ్రష్షు తడుస్తుంది. పేస్టు అయిపోతుంది. అబద్ధమాడే పిల్ల కాదది."

"బ్రష్షు తడవడం చూశారు. నోట్లో పెట్టుకోవడం చూశారా?"

అడితిలో అతణ్ని ఎవరూ అలా అడిగి బతికి బట్టకట్టలేదు. కానీ ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగింది. అతను గోడకేసి చూశాడు.

"కింద రెండు దవడపళ్లు తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ. "చీము పట్టింది. వాపుకి మందు రాస్తాను, సోమవారం తీసుకురండి. అవి పాలపళ్లే అనుకోండి. కానీ ఇది చూడండి." అద్దాన్ని ఇంకా వెనక్కి పెట్టింది. "చివర చిగురులో తెల్లగా మొన కనపడుతోందా? అది పాలపన్ను కాదు. ముసలిదయ్యేదాకా దాంతోనే నమలాలి. నోరు ఇలాగే ఉంటే అదీ పుచ్చిపోతుంది. పోతే మళ్లీ రాదు."

అతను చూశాడు. బియ్యపుగింజంత ఉంది. ఎర్రటి చిగురులోంచి అప్పుడే తొంగిచూస్తోంది.

భార్య గుర్తొచ్చింది. రాత్రుళ్లు దవడ పట్టుకుని కూర్చునేది. "లవంగం పెట్టుకో" అని అటు తిరిగి పడుకునేవాడు. ఒక్కొక్కటే పోయాయి. అన్నిటికీ లవంగమే చెప్పాడు.

దారిలో ఉడత అతని భుజం మీద తలపెట్టి, వాచిన బుగ్గతో ముద్దముద్దగా అంది.

"పళ్లు తీసేశాక మళ్లీ పెట్టుకోవచ్చుగా తాతా?"

"పెట్టుకోకూడదు."

"అమ్మమ్మ పెట్టుకునేదిగా."

అతను నడక ఆపాడు. "నీకెలా తెలుసు?"

"తెలుసు."

మర్నాడు పొద్దున ఉడత డబ్బా చంకన పెట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లింది. దానికి గడియ అందదు. తలుపు బెత్తెడు తెరుచుకునే ఉంటుంది. అతను చెప్పులు విడిచి గోడవారగా వెళ్లి నిలబడ్డాడు. సొంత ఇంట్లో దొంగలా నిలబడ్డానని అనిపించింది. అయినా కదల్లేదు.

ఉడత చెక్కపీట ఎక్కింది. అడితి ముక్కలతో అతను చేసిన పీటే అది. భార్య మూడుసార్లు అడిగితే చేశాడు. డబ్బా తెరిచింది. పెన్సిళ్ల కింద మడత పెట్టిన గుడ్డ ఉంది. గుడ్డ విప్పింది.

పళ్ల సెట్టు.

అతను తలుపు సందుకు ముఖం ఆనించాడు.

ఉడత ఎడమచేత్తో సెట్టు పట్టుకుని, బ్రష్షుకు పేస్టు రాసి, తోమడం మొదలుపెట్టింది. వెనకనుంచి ముందుకు. పైన, లోపల, బయట. ఒక్కొక్క పన్నుకు లెక్కపెడుతూ, పెదాలు కదుపుతూ. ఎక్కడా తొందర లేదు. ఒక్క పన్ను వదల్లేదు. పై వరస కడిగి గిన్నెలో పెట్టి, కింది వరస అందుకుంది. తనకంటే శ్రద్ధగా పనిచేసే మనిషిని ఆకురాయి అప్పుడే చూశాడు.

అంతా అయ్యాక బ్రష్షు పక్కన పెట్టింది. అద్దంకేసి తిరిగింది. తల వెనక్కి వాల్చి, వాచిన దవడతోనే నోరు తెరిచింది. అలాగే నిలబడింది.

ఎవరో వచ్చి తోముతారన్నట్టు నిలబడింది.

కొంతసేపయ్యాక నోరు మూసుకుంది. సెట్టు తుడిచి గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది.

అతను తలుపు తోశాడు. ఉడత ఉలిక్కిపడి ఆ మూటను గుండెకు అదుముకుంది.

"ఏంటే అది?"

"అమ్మమ్మవి."

"ఎక్కడివి నీకు?"

"పెద్దమ్మమ్మ ఇక్కడే గ్లాసులో పెట్టింది. అమ్మమ్మకి నీళ్లు పోస్తుంటే తీశాను."

"ఎందుకు తీశావు?" గొంతు లేచింది. ఏడు నెలలు నిలవున్న కోపం, ఎవరి మీద పడాలో తెలియక ఆ గదిలోనే నిలబడింది.

ఉడత పీట మీదే వెనక్కి జరిగింది. "పళ్లు లేకుండా ఎక్కడికీ కదలనంటుందిగా. దాచేస్తే వెళ్లదని."

బతికుండగా, గడియ వేసిన ఈ గదిలో, పళ్లు లేకుండా అమ్మమ్మను చూసింది ప్రపంచంలో ఇదొక్కతే. కట్టుకున్నవాడికి కూడా చూపించని నోరు దీనికి చూపించింది.

"మరి నీ పళ్లెందుకు తోముకోవు?" అని అడిగాడు.

ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు చూసింది ఉడత. "అమ్మమ్మవి నా వంతు. నావి అమ్మమ్మ వంతు. ఎవరివి వాళ్లు తోముకుంటే తొండి. నేను బాగా తోమితేనే అమ్మమ్మ నావి తోముతుంది." మూట విప్పి అతనికేసి చాచింది. "బాగానే తోముతున్నా తాతా. చూడు. అయినా రావట్లేదు."

అతను తడినేల మీద కూలబడ్డాడు. ఇప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"అమ్మమ్మ రాదే."

"పళ్లు ఇక్కడున్నాయిగా."

"పళ్లు లేకుండానే వెళ్లిపోయింది."

"నిజంగానా?"

"నేను చూశాను."

ఏడు నెలల కిందట నలుగురిలో అరిచిన మాట. మొదటిసారి మెల్లిగా అన్నాడు.

ఉడత ఆలోచించింది. "మరి అక్కడ ఎలా నములుతుంది?"

జేబులో బిళ్లలు లేవు. నిన్ననే కాలవలో పారేశాడు. ఉన్నా ఇచ్చేవాడు కాదు. ఉడత అతని ముఖంలో వెతికింది. అక్కడేం కనపడిందో, అమ్మమ్మ పోయాక మొదటిసారి ఏడ్చింది. వాచిన దవడ నొప్పెడుతుంటే నోరు సగమే తెరిచి ఏడ్చింది. దాన్ని ఎలా ఎత్తుకోవాలో తెలీక, పీటతో సహా దగ్గరికి లాక్కున్నాడు.

వదినది ఇస్త్రీ కొట్టు, రెండు వీధుల అవతల. పిల్లను పక్కింట్లో కూర్చోబెట్టి అతను అటు వెళ్లాడు. వదిన తలెత్తి చూసి, మళ్లీ చొక్కా మీదికి వంగింది.

"దారి తప్పావా మరిదీ?"

"సెట్టు దొరికింది."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"పిల్లను కొట్టావా?"

ఆ ఒక్క మాటతో అతనికి అంతా తెలిసిపోయింది. అయినా అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"నా కళ్లెదురుగానే తీసింది. గౌను కింద దాచుకుని, నాకేసి ఎలా చూసిందనుకున్నావు? నాకు నోరు రాలేదు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేసేవాడివి? పిల్ల చేతిలోంచి లాక్కుని చెల్లెలి నోట్లో పెట్టేవాడివి. అవునా, కాదా?"

అవును. పైకి అనలేదు.

"నా పెళ్లాన్ని బోసినోటితో పంపావు."

"పంపాను. చెల్లెలు పోయింది, పిల్ల ఉంది." వదిన చొక్కా మడత పెట్టింది. "నాలుగు రోజులాగి నెమ్మదిగా నేనే అడిగి తీసుకుందామనుకున్నా. నువ్వేమో గుమ్మం తొక్కద్దన్నావు."

అతను పళ్ల సంగతి చెప్పాడు. రెండు తీసెయ్యాలన్నది. ఉడత అమ్మమ్మ వంతుకోసం నోరు తెరుచుకుని నిలబడ్డది. వదిన ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, బల్ల అంచు పట్టుకుంది.

"ఆ వంతుల ఆట నాకు తెలీదు మరిదీ. నేను వస్తూపోతూ ఉంటే, దాని నోరు వారంలో చూసేదాన్ని" అంది.

పొడిచినట్టు అనలేదు. అందుకే దిగింది.

ఒక మాట అనాలని అతనికి తెలుసు. ఆ మాట కోసం నోరు తెరిచాడు కూడా. రాలేదు. జన్మలో చెయ్యని పని. వదినను క్షమించడానికి ఏమీ మిగల్లేదు, ఆమె తప్పు చెయ్యలేదు కనక. తనను క్షమించమనడానికి మొహమూ లేదు.

"సోమవారం తీస్తారు," అన్నాడు చివరికి. "పక్కన ఆడమనిషి ఉంటే పిల్ల భయపడదు."

"వస్తాలే. నువ్వు పక్కకి జరుగు, వెలుగు పడట్లేదు."

కూతురికి సెలవు దొరకలేదు. సోమవారం ఉడత వదిన ఒళ్లో పడుకుని నోరు తెరిచింది. స్టీలు ట్రేలో రెండు చప్పుళ్లయ్యాయి. చిన్న పళ్లు, మధ్యలో నల్లటి గుంటలు. ఉడత దూది కరుచుకుని వాటిని అడిగి తీసుకుంది. ఇంటికెళ్లాక రేకు డబ్బాలో, అమ్మమ్మవాటి పక్కన పెట్టింది.

గాయం మానాక ఒక పొద్దున అతను స్నానాలగదిలోకి వెళ్లి పీట వెనక నిలబడ్డాడు. ఉడత అద్దంలోంచి చూసింది.

"మరి నా వంతు?"

అతను తన బ్రష్షు దాని చేతికిచ్చి, పీట ముందు గొంతుక్కూర్చుని నోరు తెరిచాడు.

"ఇవి బయటికి రావా?"

"రావు."

"కంపు తాతా."

"బీడీ పొగ కంపు. తోము."

తోమింది. సెట్టును తోమినంత గట్టిగా తోమింది. చిగుళ్లనుంచి రక్తం వచ్చింది. అతను కదల్లేదు. ఒక్క పన్ను వదల్లేదది.

తర్వాత అతని వంతు. పిల్ల తలను తన పొట్టకు ఆనించుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టి లోపలికి చూశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి సుద్దముక్క అక్కర్లేకపోయింది. కింద ఎడమవైపు ఊడినచోటు ఉంది. దాని పక్కనుంచి మొదలుపెట్టాడు. పన్నుకు మూడుసార్లు, మెత్తగా. చిగురులోంచి వస్తున్న కొత్త పన్ను దగ్గర ఇంకా మెత్తగా. ఊడినచోటు మళ్లీ వచ్చేదాకా తలెత్తలేదు. ఆ రాత్రీ అంతే, మర్నాడూ అంతే.

సెట్టు ఇప్పుడు డబ్బాలో లేదు. అరమీద గ్లాసులో, నీళ్లలో ఉంది, ఎప్పుడూ ఉండే చోట. ఉడతే పెట్టింది. ఆదివారం కూతురు ముఖం కడుక్కోవడానికి వచ్చి దాన్ని చూసింది. ముఖం మీద నీళ్లు అలాగే కారుతుండగా నిలబడిపోయింది.

"నాన్నా, ఇది అమ్మ సెట్టు కదా? పెద్దమ్మ ఇచ్చేసిందా?"

"ఆమె దగ్గరుంటేగా ఇవ్వడానికి."

"మరి ఆ రోజు నువ్వే అందరి ముందూ..."

"ఇంట్లోనే ఉంది. చూసుకోనిది నేను."

"ఇంట్లో ఎక్కడ? ఎవరు తీశారు?"

ఉడత పీట మీద, నోటినిండా నురుగుతో, అద్దంలోంచి తాతకేసి చూసింది. అతను బ్రష్షు ఆపలేదు. ఊడినచోటు ఇంకా నాలుగు పళ్ల దూరంలో ఉంది. అక్కడిదాకా వెళ్లాకే జవాబు చెప్పాడు.

"ఆ మాట ఇంక నా ముందు ఎత్తకు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.